ముందు బజర్, తర్వాతే ఫిల్టర్: ఇంజన్ ఆయిల్‌కు అదనపు రక్షణ ఎంతవరకు అవసరం?

క్లుప్తంగా

కంపెనీ ఇచ్చిన ఆయిల్ ఫిల్టర్‌కు తోడుగా బయట బిగించే బైపాస్ ఫిల్టర్, ఆయిల్ ప్రెషర్ పడిపోతే మోగే బజర్. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే గందరగోళం వస్తోంది. ఏళ్ల తరబడి మెల్లగా సాగే అరుగుదలను ఫిల్టర్ తగ్గిస్తుంది. నిమిషాల్లో ఇంజన్ సీజ్ అయ్యే, అంటే బిగుసుకుపోయే ప్రమాదాన్ని బజర్ ముందే చెబుతుంది. ఫిల్టర్ కోసం వేసే ప్రతి హోస్, ప్రతి జాయింటు ఆయిల్ కారిపోవడానికి కొత్త దారి కూడా. అందుకే బజర్ లేకుండా ఫిల్టర్ పెట్టడం తిరకాసు పని. ఫిల్టర్ లేకున్నా బజర్ ఒక్కటే పెట్టడం పాత బండికి పనికొచ్చే ఖర్చు. కొత్త పొగ నియమాలతో వచ్చిన బీఎస్–6 ఇంజన్ల లెక్క వేరు.

ప్రశ్న ఎక్కడ మొదలైంది

లారీ, ట్రాక్టర్, జేసీబీ, బోర్ బండి నడిపించేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది: ఇంజన్‌కు ఇంకో ఫిల్టర్ వేయిస్తే ఇంజన్ దించే ఖర్చు తప్పుతుందా? ఫోన్లో వీడియోలు చూస్తే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. బైపాస్ ఫిల్టర్ పెడితే ఆయిల్ మార్చే పనే ఉండదని ఒకరు చెబుతారు. కంపెనీ ఇచ్చిన దాన్ని ముట్టుకుంటే ఇంజన్ పోతుందని ఇంకొకరు చెబుతారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కొంత లేదు.

దక్షిణ తెలంగాణలో ఈ ప్రశ్నకు బలమైన కారణాలే ఉన్నాయి. మట్టంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి వైపు సిమెంటు లోడింగ్. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే బండ్లు. పాలమూరు ఎర్ర చెలకల్లో ఎండు దుక్కి దున్నే ట్రాక్టర్లు. ఊరి బయట కంకర మిల్లులు. పైగా మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండ. దుమ్ము, వేడి, ఓవర్‌లోడ్ ఒకే ఇంజన్ మీద పడతాయి.

ఎర్ర లైటు ఎందుకు ఆలస్యంగా వెలుగుతుంది

మీటర్ బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర లైటుకు ఇంజన్ బ్లాకు మీది చిన్న స్విచ్ ఆధారం. స్విచ్ లోపల పలచని పొర, దాని వెనక స్ప్రింగు ఉంటాయి. ఆయిల్ ప్రెషర్ ఆ పొరను నెట్టి ఉంచినంతసేపూ లైటు ఆరి ఉంటుంది. ప్రెషర్ తగ్గితే స్ప్రింగు పొరను వెనక్కి నెట్టి, స్విచ్ కలిసి, లైటు వెలుగుతుంది. చాలా బండ్లలో ఇది 0.3 నుంచి 0.5 బార్ మధ్య, అంటే 4 నుంచి 7 పీఎస్‌ఐ మధ్య పనిచేసేలా తయారు చేస్తారు. బార్, పీఎస్‌ఐ రెండూ ప్రెషర్ కొలతలే. పాత మీటర్ల మీద కేజీల్లో రాసి ఉంటే, ఒక కేజీని ఒక బార్‌గా చదువుకోవచ్చు. తేడా చాలా తక్కువ.

బాగున్న డీజిల్ ఇంజన్ వేడెక్కాక, రేస్ ఇవ్వకుండా ఊరికే తిరిగే ఐడ్లింగ్‌లో 1 బార్ దరిదాపుల్లో, 2000 ఆర్‌పీఎం (నిమిషానికి 2000 చుట్లు) దగ్గర 3 నుంచి 4 బార్ చూపిస్తుంది. ప్రతి 1000 ఆర్‌పీఎంకు కనీసం 10 పీఎస్‌ఐ ఉండాలని మెకానిక్కుల్లో ఒక పాత లెక్క ఉంది. ఆ లెక్కన 2000 ఆర్‌పీఎం దగ్గర కనీసం 1.4 బార్ కావాలి. ఎర్ర లైటు మాత్రం 0.4 దాకా దిగితే గాని వెలగదు. ఈ మధ్యలో ఉన్న ఒక బార్ దూరంలోనే బేరింగులు చెడిపోతాయి. బేరింగులో తిరిగే క్రాంక్ జర్నల్ (ఇరుసు భాగం) 60 మిల్లీమీటర్ల లావు ఉంటే, 2000 ఆర్‌పీఎం మీద దాని పైభాగం సెకనుకు 6 మీటర్లకు మించిన వేగంతో తిరుగుతుంది. ఆ వేగంలో లోహానికీ లోహానికీ మధ్య అడ్డుగా ఉండేది కొన్ని మైక్రాన్ల ఆయిల్ పొర ఒక్కటే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు).

కంపెనీలకు ఇది తెలియక కాదు. ఐడ్లింగ్‌లో, హైవే మీద ఒకే స్విచ్ పనిచేయాలి. హద్దు 1.5 బార్ దగ్గర పెడితే సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి బండిలోనూ లైటు వెలిగి, సర్వీస్ సెంటర్ ముందు వరుస కడతారు. అందుకే ఎక్కడా పొరపాటున వెలగనంత కిందికి హద్దు దించేశారు. 1980లలో ఫోక్స్‌వ్యాగన్ దీనికి ఒక దారి చూపింది. కొన్ని కార్లలో రెండు స్విచ్చులు పెట్టింది. ఒకటి 0.3 బార్‌కు, రెండోది 1.8 బార్‌కు. రెండో స్విచ్‌ను ఇంజన్ 2000 ఆర్‌పీఎం దాటాకే లెక్కలోకి తీసుకుని, అప్పుడు ప్రెషర్ తక్కువుంటే బజర్ మోగేది. ఇప్పుడు బయట బిగించే మంచి వార్నింగ్ పరికరాలు చేసేది ఇదే పని.

ప్రెషర్ ఉంటే ఆయిల్ అందుతున్నట్టేనా?

మీటరు ముల్లు బాగా లేచిందంటే ఇంజన్ భద్రమని చాలామంది అనుకుంటారు. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఆయిల్ పంపు తిరిగిన ప్రతి చుట్టుకూ దాదాపు ఒకే పరిమాణంలో ఆయిల్‌ను ముందుకు నెడుతుంది. బేరింగుల మధ్య సన్నని సందులు ఆ ఆయిల్‌ను అడ్డుకుంటాయి. ఆ అడ్డంకి వల్ల పుట్టేదే ప్రెషర్. బోరు పైపు మూతిని బొటనవేలితో సగం మూస్తే నీళ్లు దూరం చిమ్ముతాయి, కాని బకెట్ నిండటానికి ఎక్కువసేపు పడుతుంది. ఇంజన్‌లోనూ అంతే. ప్రెషర్ ఎక్కువ చూపినంత మాత్రాన ఆయిల్ ఎక్కువ పారుతున్నట్టు కాదు.

అరిగిన ఇంజన్‌లో 15డబ్ల్యూ–40 ఆయిల్ బదులు ఇంకా చిక్కటి 20డబ్ల్యూ–50 పోస్తే ముల్లు లేస్తుంది. లైటు ఆరిపోతుంది. బండి అమ్మేముందు ఈ పని చేయడం షెడ్లలో తెలియని సంగతేమీ కాదు. బేరింగు సందు మాత్రం అంతే ఉంటుంది. చిక్కటి ఆయిల్ ఆ సందులోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి ప్రెషర్ కనిపిస్తుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పై భాగానికి, టర్బోకు ఆయిల్ చేరడం ఇంకా ఆలస్యమవుతుంది.

వేడి ప్రభావం దీనికంటే పెద్దది. 15డబ్ల్యూ–40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనం 100 డిగ్రీలకు వచ్చేసరికి ఏడెనిమిది రెట్లు తగ్గిపోతుంది. పొద్దున షెడ్డులో 4 బార్ చూపిన ఇంజన్, మధ్యాహ్నం లోడుతో సూర్యాపేట చేరేసరికి ఐడ్లింగ్‌లో 0.8 చూపించవచ్చు. చల్లటి ఇంజన్ మీద తీసిన రీడింగుతో ఏ నిర్ణయానికీ రాకూడదు.

ప్రెషర్ పడిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఆయిల్ తక్కువ కావడం, చాంబర్ అడుగున ఉండే జల్లెడకు మడ్డి పట్టడం, ప్రెషర్ మరీ పెరిగితే ఆయిల్‌ను వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోవడం, ఆయిల్‌లో డీజిల్ కలవడం, పంపు అరగడం, బేరింగులు అరగడం. ఇంకొకటి వాలు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ మలుపుల్లో ఆయిల్ చాంబర్‌లో ఒక పక్కకు ఒరుగుతుంది. లెవల్ తక్కువుంటే పంపు ఆయిల్ బదులు గాలి పీల్చుకుంటుంది. మలుపులో లైటు ఒక్క క్షణం మినుకుమంటే, చాలాసార్లు అది స్విచ్ చెడిపోవడం కాదు, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ చూసే కడ్డీ) చూడమని చెప్పడమే.

ఫిల్టర్ ఏది ఆపుతుంది, ఏది వదిలేస్తుంది

ఇంజన్‌కు ఉండే మామూలు ఫిల్టర్‌ను ఫుల్‌ఫ్లో ఫిల్టర్ అంటారు. పంపు నెట్టే ఆయిల్ దాని గుండా వెళ్లాకే బేరింగులకు చేరుతుంది. ఈ స్థానమే దాని బలం, బలహీనత కూడా. నిమిషానికి పదుల లీటర్ల ఆయిల్‌ను అది అడ్డుకోకుండా పంపాలి. కాబట్టి కాగితం మరీ సన్నగా ఉండటానికి వీల్లేదు. ఎక్కువ ఫిల్టర్లు 20 నుంచి 40 మైక్రాన్ల రేణువులను బాగా పడతాయి. అంతకంటే చిన్నవి చాలావరకు దాటిపోతాయి. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం ఉంటుంది. బేరింగులో ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. అంటే బేరింగును నిజంగా గీకే సైజు రేణువుల్లో చాలా వరకు ఫిల్టర్ దాటి వచ్చినవే.

అలాగైతే అదే చోట 5 మైక్రాన్ల ఫిల్టర్ పెట్టేస్తే సరిపోదా? సరిపోదు. ఫిల్టర్ లోపల బైపాస్ వాల్వ్ ఒకటి ఉంటుంది. లోపలికి, బయటికి మధ్య ప్రెషర్ తేడా సుమారు 1 బార్ దాటితే అది తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నే ఇంజన్‌కు పంపుతుంది. మురికి ఆయిల్ అందినా ఫర్వాలేదు గాని, ఆయిలే అందకపోతే ఇంజన్ బతకదు కదా. మరీ సన్నని కాగితం పెడితే ఈ వాల్వ్ తరచూ తెరుచుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న ఫిల్టర్ ఉండీ లేనట్టే అవుతుంది.

డబ్బా మీద రాసే మైక్రాన్ల అంకెనూ అనుమానంతో చూడాలి. 20 మైక్రాన్ల రేణువుల్లో సగం పట్టే ఫిల్టర్‌నూ, 98.7 శాతం పట్టే ఫిల్టర్‌నూ రెండింటినీ 20 మైక్రాన్ల ఫిల్టర్ అనే అమ్మవచ్చు. రెండోదాన్ని బీటా 75 అంటారు, అంటే 75 రేణువులు వస్తే ఒక్కటే దాటుతుంది. ఐఎస్‌ఓ 4548–12 అనే పరీక్ష ఈ తేడాను కొలుస్తుంది. ఆ వివరం లేకుండా మైక్రాన్ల అంకె ఒక్కటే ఇస్తే అది ప్రచారం కిందే లెక్క. డూప్లికేట్ ఫిల్టర్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వాటిలో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే ఎదురు వాల్వ్ సరిగా ఉండదు. ఇంజన్ ఆగాక ఆయిల్ కిందికి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే కొన్ని క్షణాలు ఇంజన్ పొడిగా తిరుగుతుంది.

బైపాస్ ఫిల్టర్ ఈ చిక్కును వేరేగా విడదీస్తుంది. బేరింగులకు ఆయిల్ పంచే దారి అయిన ఆయిల్ గ్యాలరీ నుంచి ఒక సన్నని పాయను పక్కకు తీసి, 2 నుంచి 5 మైక్రాన్ల దాకా పట్టే ఒత్తైన ఫిల్టర్ గుండా పంపి, తిరిగి చాంబర్‌లోకి వదులుతుంది. మొత్తం ప్రవాహంలో 5 నుంచి 10 శాతమే ఈ దారిలో పోతుంది కాబట్టి అడ్డంకి ఉన్నా ఇంజన్‌కు తెలియదు. చాంబర్‌లోని ఆయిల్ మొత్తం కొన్ని నిమిషాలకు ఒకసారి ఈ ఫిల్టర్ గుండా తిరిగి వచ్చినట్టవుతుంది. విచిత్రమేమిటంటే ఇది కొత్త ఆలోచన కాదు. 1923లో అమెరికాలో పేటెంట్ పొందిన ప్యూరోలేటర్, కార్లకు వచ్చిన తొలి ఆయిల్ ఫిల్టర్, బైపాస్ తరహాదే. ఫుల్‌ఫ్లో పద్ధతి ఆ తర్వాత వచ్చింది. కాగితం లేకుండా గిరగిరా తిప్పి మడ్డిని గోడకు పట్టించే సెంట్రిఫ్యూజ్ పద్ధతి ఇంకొకటి ఉంది. అది ఎక్కడో కాదు, స్ప్లెండర్ బండి ఇంజన్‌లోనే చూడవచ్చు.

లాభం ఎంత? 1988లో జనరల్ మోటార్స్ ఇంజనీర్లు అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘానికి సమర్పించిన పత్రంలోని అంకెలనే ఫిల్టర్లు అమ్మేవాళ్లు తరచుగా చూపుతారు. 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్లతో ఇంజన్ అరుగుదల 50 శాతం, 15 మైక్రాన్లతో 70 శాతం తగ్గిందని అందులో ఉంది. అంకెలు నిజమే. అయితే పరీక్ష త్వరగా ముగియడానికి ఆయిల్‌లోకి కావాలనే దుమ్ము కలిపి నడిపిన ఇంజన్ల మీద వచ్చిన ఫలితాలవి. లోపలికి దుమ్ము పోని ఇంజన్‌కు అంత లాభం రాదు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. దుమ్ము ఆయిల్ దారిలో రాదు, గాలి దారిలో వస్తుంది. కంకర మిల్లు దుమ్ములోనూ, చెలక మట్టిలోనూ ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోహ్స్ కొలత మీద 7. లైనర్‌ను, రింగులను అది సాన పట్టేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఉండే రబ్బరు గొట్టం క్లిప్పు ఒకటి వదులైతే, దుమ్ము ముందు సిలిండర్‌ను అరగదీసి, ఆ తర్వాతే ఆయిల్‌లో చేరుతుంది. అప్పటికి బైపాస్ ఫిల్టర్ ఎంత మంచిదైనా సగం నష్టం జరిగిపోయింది. ఆయిల్‌ను ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే సిలికాన్ అంకె దుమ్మును, సీసం, రాగి బేరింగులను, అల్యూమినియం పిస్టన్‌ను సూచిస్తాయి. సిలికాన్ ఎక్కువగా వచ్చినప్పుడు మొదట విప్పి చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్ డబ్బా. గాస్కెట్ పేస్టు వల్ల కూడా సిలికాన్ పెరుగుతుంది కాబట్టి కొత్తగా ఇంజన్ కట్టిన బండిలో ఆ అంకెను చూసి కంగారు పడనక్కర్లేదు.

ఆయిల్ మార్చే పనే ఉండదన్న మాట నిలవదు. బైపాస్ ఫిల్టర్ మసిలో కొంత, లోహపు పొడి, దుమ్ము పడుతుంది. కలిసిన డీజిల్‌ను తీయలేదు. ఆయిల్‌లో ఆమ్లాన్ని విరిచే రసాయనాలు ఖర్చయిపోతే తిరిగి పోయలేదు. ఆయిల్ నల్లబడకుండా ఉండటం, పని చేయగలగడం వేర్వేరు విషయాలు. ల్యాబ్ పరీక్ష లేకుండా మార్పు గడువును పెంచడం జూదమే.

హోస్ తెగితే ఏమవుతుంది

అమ్మేవాళ్లు చెప్పని లెక్క ఒకటి ఇక్కడ వేసి చూడాలి. బైపాస్ ఫిల్టర్ లైనులో 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న చిన్న అడ్డు ఉంటుంది. 4 బార్ ప్రెషర్ మీద 1.5 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి వేడి ఆయిల్ బయటికి పోతే, నిమిషానికి సుమారు 2 లీటర్లు వెళుతుంది. ఏడు లీటర్ల చాంబర్ మూడున్నర నిమిషాల్లో ఖాళీ. పంపు గాలి పీల్చడం అంతకంటే ముందే మొదలవుతుంది. హైవే మీద అది రెండు మూడు కిలోమీటర్ల దూరం.

ఆ అడ్డు ఎక్కడుందన్నది అసలు ప్రశ్న. గ్యాలరీ నుంచి ఆయిల్ తీసే చోటే, అంటే హోస్ మొదట్లోనే ఉంటే, హోస్ తెగినా పై లెక్క వర్తిస్తుంది. అడ్డు ఫిల్టర్ దగ్గర ఉండి, మధ్యలో 6 మిల్లీమీటర్ల హోస్ తెగితే రంధ్రం వైశాల్యం 16 రెట్లు. అప్పుడు పంపు ఎంత ఇస్తే అంత రోడ్డు మీదికి పోతుంది. బేరింగులకు ప్రెషర్ ఆ క్షణంలోనే పడిపోతుంది. బిగించే మెకానిక్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఏ కంపెనీ ఫిల్టర్ అన్నది ఆ తర్వాత.

మిగతా జాగ్రత్తలు మామూలివే. ఆయిల్‌కు, వేడికి తట్టుకునే హోస్ వాడాలి, డీజిల్ పైపు ముక్క కాదు. సైలెన్సర్‌కు, టర్బోకు దూరంగా కట్టాలి. సాగర్ ఎడమ కాలువ కింద కేజ్ వీల్స్‌తో దమ్ము చేసే ట్రాక్టర్‌కైతే కిందికి వేలాడే హోస్ బురదలోనో, కొయ్యకాళ్లలోనో తగిలి లాగేస్తుంది. ఫిల్టర్ డబ్బాలో ఒకటో రెండో లీటర్లు అదనంగా పడతాయి. అందుకే బిగించాక ఇంజన్ కాసేపు నడిపి, ఆపి, డిప్‌స్టిక్ చూసి మళ్లీ పోయాలి. ఈ చివరి పని మరిచిపోవడం వల్ల లెవల్ తగ్గి, రక్షణ కోసం పెట్టిన ఫిల్టరే ప్రెషర్ పడిపోవడానికి కారణమైన సందర్భాలు ఉంటాయి.

బజర్ ఎక్కడ మోగాలి, ఎప్పుడు మోగాలి

అన్నిటికంటే తేలికైన ఏర్పాటు ఎర్ర లైటుకు తోడుగా బజర్ కలపడం. ఒక వైరు ఇగ్నిషన్ ప్లస్‌కు, ఇంకొకటి పాత స్విచ్ వైరుకు. మధ్యాహ్నపు ఎండలో మీటర్ బోర్డు మీద లైటు కనిపించదు, చప్పుడు వినిపిస్తుంది. కాని హద్దు పాతదే, 0.4 బార్. ఆయిల్ మొత్తం కారిపోయే ప్రమాదానికి ఇది సరిపోతుంది. మెల్లగా తగ్గే ప్రెషర్‌ను ఇది పట్టుకోదు.

తర్వాతి మెట్టు వేరే స్విచ్. 1 బార్‌కో, స్క్రూ తిప్పి సెట్ చేసుకునే హద్దుకో పనిచేసేవి దొరుకుతాయి. ఇక్కడే చాలా ఏర్పాట్లు చెడిపోతాయి. 1 బార్ స్విచ్ పెట్టిన పాత లారీ పంతంగి టోల్ దగ్గర వరుసలో నిలబడితే, వేడి ఐడ్లింగ్‌లో ప్రెషర్ 0.9కి దిగి బజర్ మోగుతుంది. రేస్ ఇస్తే ఆగుతుంది, వదిలితే మోగుతుంది. డ్రైవర్ రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు వైరు పీకేస్తాడు. ఓనర్‌కు మాత్రం బజర్ ఉందనే ధీమా మిగులుతుంది. వైరు పీకిన బజర్ కంటే అసలు బజర్ లేకపోవడమే నయం.

కాబట్టి స్విచ్ కొనకముందే కొలవాలి. గొట్టంతో నేరుగా పనిచేసే మెకానికల్ గేజ్‌ను తాత్కాలికంగా బిగించి, లోడుతో గంటసేపు నడిపాక, ఐడ్లింగ్‌లో, 1500 దగ్గర, 2000 దగ్గర రీడింగులు రాసుకోవాలి. ఒకే స్విచ్ పెట్టేటట్టయితే హద్దు వేడి ఐడ్లింగ్ రీడింగు కంటే కొంచెం కింద ఉండాలి. 0.9 వస్తే 0.6 దగ్గర. రెండు మెట్ల పరికరం పెట్టేటట్టయితే, డైనమో మీద డబ్ల్యూ టెర్మినల్ నుంచి ఆర్‌పీఎం సంకేతం తీసుకుని, 1800 దాటాకే 1.5 బార్ హద్దును చూసేలా పెట్టవచ్చు. కొంచెం ఖర్చు ఎక్కువైనా తప్పుడు మోత ఉండదు, నిజమైన ప్రమాదం ముందే తెలుస్తుంది.

మోగడానికి రెండు మూడు సెకన్ల ఆలస్యం పెట్టాలా అన్న వాదన ఒకటుంది. పెడితే ఘాట్ మలుపుల్లో క్షణంపాటు వచ్చే మోత ఉండదు. కాని ఆ మోతే లెవల్ తక్కువుందని చెప్పే సమాచారం. మధ్యేమార్గం: బజర్‌కు ఆలస్యం, లైటుకు వద్దు.

తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ కాకముందు, బజర్ ఒకసారి మోగాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని చాలా ముఖ్యం. ఈ స్విచ్చులు బాడీ ద్వారా ఎర్త్ తీసుకుని ఒకే వైరు మీద పనిచేస్తాయి. వైరు తెగితే ఎప్పటికీ మోగవు, అన్నీ బాగున్నట్టే ఉంటుంది. పొద్దున తాళం తిప్పినప్పుడు వినిపించే ఆ ఒక్క మోతే వైరు బాగుందనడానికి సాక్ష్యం.

జనరేటర్లలో ఇంకో పద్ధతి ఉంది. ప్రెషర్ పడిపోతే ఇంజన్‌నే ఆపేసే కట్‌ఆఫ్. రైస్ మిల్లులో, ఫంక్షన్ హాల్లో పక్కన మనిషి లేని ఇంజన్‌కు అది తప్పనిసరి. రోడ్డు మీద నడిచే బండికి మాత్రం అది ప్రమాదం. ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు ఇంజన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది. బోర్ బండి ఈ రెండింటికీ మధ్యది. డ్రిల్లింగ్ జరుగుతున్నప్పుడు ఇంజన్ గంటల తరబడి ఒకే స్పీడుతో నిలబడి తిరుగుతుంది, క్యాబిన్‌లో ఎవరూ ఉండరు. అందరూ రాడ్ల దగ్గర, ఆ చప్పుడులో ఉంటారు. క్యాబిన్‌లో మోగే బజర్ అక్కడ ఎవరికీ వినపడదు. బయట పెద్ద హారనైనా ఉండాలి, లేదా బండి నిలబడి ఉన్నప్పుడు మాత్రమే పనిచేసే కట్‌ఆఫ్ ఉండాలి.

మీటరు అబద్ధం చెప్పే తీరు

లైటు, బజర్‌తో పాటు ముల్లు మీటరు కూడా కావాలనుకుంటే, మీటరుకు సరిపోయే సెండర్‌నే (ప్రెషర్‌ను కొలిచి మీటరుకు సంకేతం పంపే భాగం) కొనాలి. యూరప్ తరహా సెండర్లలో ప్రెషర్ పెరిగితే రెసిస్టెన్స్ 10 ఓమ్స్ నుంచి 184 ఓమ్స్ దాకా పెరుగుతుంది. అమెరికా తరహాలో 240 నుంచి 33కు తగ్గుతుంది. ఒకదాని మీటరుకు ఇంకోదాని సెండర్ కలిపితే ముల్లు తిరగబడి చూపుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. యూరప్ తరహాలో వైరు తెగితే ముల్లు ఫుల్ ప్రెషర్ దగ్గర నిలబడుతుంది, అమెరికా తరహాలో సున్నాకు పడిపోతుంది. మొదటిది పెట్టుకున్నవాళ్లు ముల్లు కదలకుండా పైనే నిలిస్తే సంతోషించకూడదు.

మర విషయంలోనూ తొందర వద్దు. ఎం10, 1/8 ఎన్‌పీటీ, 1/8 బీఎస్‌పీ మరలు చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండు చుట్లు చేత్తో ఎక్కి, పానా పెట్టగానే బిగుసుకుంటే అది వేరే మర. బలవంతంగా తిప్పితే బ్లాకులో మర పోతుంది. టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్త్ సరిగా అందకపోవచ్చు, ముక్కలు ఊడి ఆయిల్ దారిలో పడవచ్చు. ఇత్తడి టీ ముక్క మీద బరువైన సెండర్‌ను నేరుగా నిలబెడితే ఇంజన్ వణుకుకు మెడ దగ్గర చిట్లుతుంది. చిన్న హోస్‌తో దూరంగా తీసి, బ్రాకెట్ మీద బిగించడం మేలు.

బీఎస్–6 బండ్లు

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన డీజిల్ బండ్లలో చాలా వాటికి ఆయిల్ ప్రెషర్‌ను ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) చదువుతుంది. కొన్నిటిలో పంపు కూడా అవసరాన్ని బట్టి ప్రెషర్‌ను తగ్గించి పెంచే రకం. అలాంటి ఇంజన్‌లో తక్కువ ప్రెషర్ కనిపించడం లోపం కాకపోవచ్చు, పంపు కావాలనే తగ్గించి ఉండవచ్చు. పాత లెక్కతో 1.5 బార్ హద్దు పెడితే ఊరికే మోగుతుంది. సెన్సార్ వైరుకు బజర్ కలిపితే ఈసీఎంకు తప్పుడు సంకేతం వెళుతుంది. వారంటీ ఉన్న బండికి గ్యాలరీ ముట్టుకోవడం అసలే మంచిది కాదు.

ఈ బండ్లలో అసలు బెడద ఇంకొకటి. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లో ఆ మసిని కాల్చడానికి కొన్ని ఇంజన్లు సిలిండర్‌లోకి ఆలస్యంగా అదనపు డీజిల్ చల్లుతాయి. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులే తిరిగి, కాల్చే పని మధ్యలోనే ఆగిపోతూ ఉంటే, ఆ డీజిల్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద లెవల్ తగ్గడం కాదు, పెరుగుతుంది. ఆయిల్ పలచబడుతుంది. ఏ ఫిల్టరూ దీన్ని తీయలేదు. లెవల్ గరిష్ఠ గీత దాటితే మార్చడమే దారి.

బజర్ మోగినప్పుడు

డ్రైవర్‌కు ముందే చెప్పి ఉంచాల్సింది ఇదే. రేస్ ఇచ్చి బజర్ ఆగుతుందేమో చూడకూడదు. ఎడమకు తీసి ఇంజన్ ఆపాలి. ఐదు పది నిమిషాలు ఆగి, సమతలం మీద డిప్‌స్టిక్ చూడాలి. బండి కిందికి వంగి హోస్‌లు, ఫిల్టర్, డ్రైన్ బోల్టు దగ్గర తడి ఉందేమో చూడాలి. లెవల్ తగ్గి ఎక్కడా కారడం కనిపించకపోతే ఆయిల్ పోసి, సెల్ఫ్ కొట్టి, కొన్ని సెకన్లలో బజర్ ఆగుతుందో లేదో గమనించాలి. ఆగకపోతే వెంటనే ఇంజన్ ఆపి, బండిని తాడు కట్టి షెడ్డుకు లాగించాలి. లెవల్ సరిగ్గా ఉండి, చప్పుడు మారకుండా, బజర్ మాత్రమే మోగుతుంటే స్విచ్ మీద అనుమానం రావడం సహజం. అయినా ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేసేముందు స్విచ్ విప్పి, అదే రంధ్రంలో మెకానికల్ గేజ్ పెట్టి చూడాలి. ఇంజన్ దించాలా, స్విచ్ మార్చాలా అన్నది ఆ గేజ్ రీడింగును బట్టి తేల్చుకోవాలి.